కోసేసిన ఎర్తు పిన్ను

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ చాదస్తం అనే పిలిచేవారు. మొహం మీదే పిలిచినా ఆమె పట్టించుకునేది కాదు. ఏ యంత్రమైనా సరే, తన బల్ల మీదికి వచ్చాక ప్లగ్గు మొదలుకుని వెనకవైపు ఆఖరి మర దాకా కళ్ళతో, వేళ్ళతో తడిమి చూస్తే తప్ప స్విచ్చి వేసేది కాదు. పక్క బల్ల వాళ్ళు మూడు పనులు ముగించేలోగా ఆమె ఒకటి మొదలుపెట్టేది. కానీ పన్నెండేళ్ళలో ఆమె బల్ల మీద ఏదీ కాలలేదు, ఎవరికీ చురుక్కుమనలేదు. అందుకని పైవాళ్ళు నవ్వుకుని ఊరుకునేవారు.

అక్కడ తయారయ్యేవి బ్యాటరీ ఛార్జర్లు. కింద రెండు గదులు, పైన ఒకటి. పైగదిలో ఇన్నేళ్ళూ పరీక్షలు చేసింది ఆమె బావ, సొంత అక్క మొగుడు. ఆమెకు ఈ పని నేర్పిందీ, వెంటబెట్టుకొచ్చి ఇక్కడ చేర్పించిందీ ఆయనే. ఈమధ్య ఆయన్ని పరీక్షల విభాగానికి పెద్దను చేసి అద్దాల గది ఇచ్చారు. పాత బల్ల ఎత్తేసి, దాని మీది ఆసిలోస్కోపును ఒక ఉదయం కిందికి దింపి చాదస్తం బల్ల మీద పెట్టించారు. తీగల్లో కరెంటు ఎలా ఎగిసిపడుతోందో తెర మీద గీత గీసి చూపించే యంత్రం అది. ఆ పూటే వాడకంలోకి తేవాలని మేనేజరు కబురు చేశాడు.

యంత్రం కంటే ముందు దాని వాసన వచ్చింది. విరిగిన పాలు, సిగరెట్టు మసి, చెమట, అన్నీ కలిసి ముక్కులోకి ఎక్కాయి. చాదస్తం కిటికీ తెరిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని దగ్గరికి జరిగింది. ముందువైపు మీటల చుట్టూ వేలి జిడ్డు నల్లగా పేరుకుని గట్టిపడింది. ఒక మీట నొక్కితే లోపలికి వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది. ఎప్పుడో టీ ఒలికింది, ఎవరూ తుడవలేదు, చక్కెర పాకంలా ఎండింది. గోటితో మీటను పైకి లాగితే సన్నటి దారంలాంటి జిగురు సాగింది. 

వెనకవైపు ఇంకా ఘోరం. గాలి ఆడే సందులన్నీ జుట్టూ దూదీ కలిసిన మెత్తటి ముద్దతో మూసుకుపోయాయి. చిన్న పటకారుతో ఆ ముద్దను లాగుతుంటే దానితోపాటు బొద్దింకల గుడ్ల తొడుగులు రాలాయి. తర్వాత ఎండిన రెక్కలు, కాళ్ళు. ఒకటి మాత్రం ఎండలేదు. బల్ల మీద పడి, ఒక్క క్షణం మీసాలు ఆడించి, పరుగెత్తి ఆమె మోచేతి కిందనుంచి దూరిపోయింది. చాదస్తం కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడింది. పక్క బల్లాయన పడీపడీ నవ్వి, బావగారి దగ్గర్నుంచి కానుకలు బాగానే వస్తున్నాయన్నాడు.

అసలు వెగటు ప్రోబు దగ్గర కలిగింది. ప్రోబంటే యంత్రం చెయ్యి లాంటిది. కలంలా పట్టుకుని దాని మొనను తీగకి ఆనించి చూస్తారు, పక్కనే చిన్న క్లిప్పు వేలాడుతూ ఉంటుంది. ఆ మొన మీద పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. ఏమై ఉంటుందా అని దీపం కిందికి తెచ్చి చూసింది. చూశాక గుర్తొచ్చింది. మధ్యాహ్నం డబ్బా ముగించాక బావ కుర్చీలో వెనక్కి వాలి, ఆ మొనతోనే పళ్ళ సందులు కుట్టుకునేవాడు. ఒక్కోసారి చెవి కూడా. ఆమె ప్రోబును కాగితం మీద వదిలేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అయినా పని పనే. స్పిరిట్టు, దూది, పాత టూత్‌బ్రష్షు తెచ్చి గంటన్నర తోమింది. సంచెడు మురికి బయటికి పోయింది. ఇక స్విచ్చి వేసే ముందు ఎప్పుడూ చూసే వరసలో చూడ్డం మొదలుపెట్టింది. వెనకాల వోల్టేజీ మీట సరైన అంకె మీదే ఉంది. పక్కనున్న చిన్న అర లాగి ఫ్యూజు బయటికి తీసింది. ఫ్యూజు గాజు ఎప్పుడో మసిబారి కాలిపోయి ఉంది. దాని చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం శుభ్రంగా చుట్టి మళ్ళీ లోపల పెట్టారు. లోపల ఏం కాలినా కరెంటు ఆగనే ఆగదన్నమాట.

ఆ తర్వాత తీగ చివర ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. మూడు పిన్నులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. పైనుండే పెద్ద పిన్ను, యంత్రం ఒంటికి పాకిన కరెంటుని నేలలోకి పంపేసే ఎర్తు పిన్ను, మొదలంటా కోసేసి ఉంది. ఊరికే కొయ్యలేదు. కోసిన చోట ఆకురాయితో రాసి, వేలికి గీసుకోకుండా నున్నగా చేశారు. ఇంత మురికి యంత్రంలో శ్రద్ధ పెట్టి చేసిన పని అదొక్కటే. ఆ నునుపు మీద వేలు పెట్టేసరికి, బొద్దింక పాకినప్పటికంటే ఎక్కువ రోత పుట్టింది ఆమెకు.

ఎందుకు కోస్తారో ఆమెకు తెలుసు. ఛార్జరులో గోడ కరెంటు నేరుగా వచ్చే భాగం ఒకటుంటుంది. స్కోపు క్లిప్పును అక్కడ తగిలిస్తే ఎర్తు గుండా ఒక్కసారిగా కరెంటు పారి గదిలో ఫ్యూజులన్నీ పోతాయి. పోవాలి కూడా, అది హెచ్చరిక. అక్కడ చూడాలంటే వేరే పద్ధతి ఉంది, దానికో పెట్టె కావాలి, ఓపిక కావాలి. ఓపిక లేనివాడు ఎర్తు పిన్ను కోసేస్తాడు. ఇక ఏ ఫ్యూజూ పోదు. కాకపోతే స్కోపు ఇనప ఒళ్ళంతా గోడ కరెంటు నిండి ఉంటుంది. తెర మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగీత గీస్తూ ఉంటుంది.

ప్లగ్గు పట్టుకుని కూర్చున్న చాదస్తానికి పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే ఆమె బంధువు కాదు, ఆ వర్క్‌షాపులో గదులు తుడిచే మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. అందరికీ పెద్దమ్మే. ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం పైగదిలో తడిగుడ్డతో బల్ల తుడుస్తూ పడిపోయింది. చాదస్తం కేకలు విని పైకి పరుగెత్తేసరికి, బావ గోడ దగ్గర స్విచ్చి బోర్డు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ నేల మీద కాళ్ళూ చేతులూ కొట్టుకుని అప్పుడే ఆగింది. మూర్ఛ వచ్చినట్టుందని బావ అన్నాడు. అరచేతిలో కాలిన మచ్చ ఉంటే, వేడి సాల్డరింగు ఐరన్ మీద చెయ్యి పడిందన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది చాదస్తమే. కాళ్ళూ చేతులూ కొట్టుకుందా అని డాక్టరు అడిగితే కొట్టుకుందని చెప్పింది. మీరు చూశారా అంటే, బావ మాట నమ్మి చూశానంది. మందులు రాసిచ్చారు. కరెంటు యంత్రాల మధ్య మూర్ఛ మనిషి ఎందుకని మేనేజరు ఆమెను పనిలోంచి పంపేశాడు. అప్పుడు చాదస్తం కూడా అది నిజమే కదా అనుకుంది.

ప్రతి ప్లగ్గూ తడిమి చూసే మనిషి, ఆ ఒక్క ప్లగ్గు చూడలేదు. బావ చెప్పాడు కాబట్టి చూడలేదు.

యంత్రంతోపాటు వచ్చిన తనిఖీ పుస్తకం తెరిచింది. నెలనెలా తీగ, ఫ్యూజు, ఎర్తు చూసి టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. అన్ని నెలలకీ టిక్కులు ఉన్నాయి. పెద్దమ్మ పడిన నెలకీ ఉంది. ఇంకా రాని నెలలకి కూడా ఉన్నాయి. ఏడాది చివరి దాకా ఒకే కలంతో, ఒకే విడతలో, బావ సంతకం. ఆమె పుస్తకాన్ని రెండు వేళ్ళతో మూసింది.

బావ అద్దాల గదిలో డబ్బా విప్పుకుని తింటున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండా ప్లగ్గును బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూసి నవ్వాడు. ఛార్జరు బోర్డులు చూడాలంటే అందరూ చేసేదే అదని, తన గురువూ అలాగే చేశాడని, ఈ పనిలో ఇరవై ఏళ్ళు బతికిన తనకి తెలుసని మెతుకులు నములుతూ చెప్పాడు. ఒక మెతుకు వచ్చి ప్లగ్గు మీద పడింది.

"పెద్దమ్మ పడిపోయిన రోజు ఆ క్లిప్పు ఎక్కడుంది బావా?" అని అడిగింది చాదస్తం.

ఆయన నమలడం ఆపాడు. గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"క్లిప్పు ఛార్జరుకి తగిలించి ఒక్క నిమిషం పక్కకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ స్కోపుకి అతుక్కుని ఉంది. క్షణంలో స్విచ్చి ఆపాను. నేను లేకపోతే చచ్చిపోయేది. బతికించింది నేనే కదా."

ఆయన మొహంలో తప్పు చేసిన ఛాయ ఎక్కడా లేదు. ఆ మాటని ఆయన నమ్ముతున్నాడు. మరి మూర్ఛ అని ఎందుకన్నావని ఆమె అడిగింది.

"మూర్ఛ అని రాసింది డాక్టరు. ఆయనకి చూసినట్టు చెప్పింది నువ్వు. నన్నెందుకు అడుగుతావ్?"

 ఆ డబ్బా వాసన, రుమాలు మీద పసుపు మరక, అక్క చేతి వంట మెతుకులు, అన్నీ ఒక్కసారిగా చాదస్తానికి భరించలేనివయ్యాయి. అక్క పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి పక్కన కూర్చుని ఎన్నిసార్లు తిన్నదో లెక్కలేదు. ప్లగ్గు తీసుకుని బయటికి వచ్చింది.

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. కొత్త తీగ వేయించుకో, కొత్త ఫ్యూజు పెట్టించుకో, జరిగిపోయినదాన్ని తవ్వకు అన్నాడు. మీ ఇంటి మనిషే కదా అని కూడా అన్నాడు, ఆమెకి మేలు చేస్తున్నట్టు. ఆమె తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్ళి యంత్రానికి ఎర్ర చీటీ కట్టింది. తనిఖీ పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, పిన్ను కోసి ఉందని, ఫ్యూజుకి కాగితం చుట్టి ఉందని, పెద్దమ్మ పడిన రోజు యంత్రం ఈ స్థితిలోనే వాడకంలో ఉందని, ఆ సంగతి పరీక్షల పెద్దే తనతో చెప్పాడని రాసి సంతకం పెట్టింది. పేజీకి ఫోటో తీసుకుంది. అదే సంగతి విడిగా ఒక కాగితం మీద రాసుకుంది, డాక్టరుకి తను చెప్పినది తప్పని కూడా.

సాయంత్రం పెద్దమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సైకిలు షాపు మీద రెండు గదులు. కోడలు తలుపు తీసింది. పెద్దమ్మ మూలన గోడకి ఆనించిన కుర్చీలో ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి, లేచి, బకెట్లు మోసిన మనిషి బాగా ఉబ్బిపోయింది. మాత్రల మగతకి పెదవి ఒక పక్కకి జారి ఉంది. పలకరిస్తే గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

అత్తగారిని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదని, ఒంటరిగా మెట్లు దిగనివ్వడం లేదని, చంటిదాన్ని ఒళ్ళో పెట్టడానికి భయమేస్తోందని కోడలు చెప్పింది. చెడ్డ మనిషి కాదు. డాక్టరు చెప్పినట్టు జాగ్రత్తగా చూసుకుంటోంది. పక్కగదిలో చంటిపిల్ల ఏడుస్తుంటే పెద్దమ్మ చేతులు కుర్చీ మీంచి కొంచెం లేచి మళ్ళీ కిందికి పడ్డాయి. ఎనిమిది నెలల అలవాటు అది.

చాదస్తం చెప్పాల్సింది చెప్పింది. దాపరికం లేకుండా చెప్పింది, తన వంతు కూడా. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ చాలాసేపు తన అరచేతిలోని మచ్చ చూసుకుంది.

"అయితే నాకు జబ్బు లేదా?"

అది డాక్టరే చెప్పాలని, మాత్రలు మాత్రం తనంతట తను ఆపెయ్యొద్దని, ఈ కాగితం తీసుకెళ్ళి చూపించమని, కావాలంటే తనే వెంట వస్తానని చాదస్తం అంది. పెద్దమ్మ కాగితం తీసుకుంది. చదవడం రాకపోయినా దాన్ని తిప్పితిప్పి చూసి మడిచి నడుము దగ్గర దోపుకుంది.

"మనవరాలు పుట్టినప్పటి నుంచి దాన్ని ఎత్తుకోలేదు. నా చేతులంటే నాకే అసహ్యం వేసేలా చేశారు. నువ్వింక వెళ్ళు తల్లీ. నిన్ను చూస్తుంటే కడుపులో తిప్పుతోంది నాకు."

కసిరినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. చాదస్తం లేచి మెట్లు దిగింది. ఆ మాట అన్యాయమని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

డాక్టరు కాగితం చదివి మళ్ళీ పరీక్షలన్నీ చేయించాడని, మాత్రలు నెలనెలా కొంచెం తగ్గిస్తూ వచ్చి చివరికి ఆపేశాడని కోడలు ఫోన్ చేసి చెప్పింది. తర్వాత ఆ కాగితం తీసుకుని పెద్దమ్మ కొడుకూ కోడలూ వర్క్‌షాపుకి వచ్చి మేనేజరు గదిలో రెండు గంటలు కూర్చున్నారు. మర్నాడు బావని పరీక్షల నుంచి తప్పించి సామాన్ల గదికి మార్చారు. పెద్దమ్మని మళ్ళీ పనిలోకి రమ్మని మనిషిని పంపితే, ఆ గుమ్మం తొక్కనని చెప్పించింది. మరోచోట పని చూసుకుంది.

స్కోపుకి కొత్త తీగ వచ్చింది, మూడు పిన్నులతో. ఛార్జర్లను గోడ కరెంటు నుంచి విడదీసి పరీక్షించే పెట్టె కూడా, ఇన్నేళ్ళూ అవసరం లేదన్నది, వారంలో వచ్చింది. చాదస్తం ప్లగ్గు పిన్ను నుంచి యంత్రం ఒంటి దాకా ఎర్తు కలిసిందో లేదో మీటరుతో చూసింది. సరైన ఫ్యూజు వేసింది. వెనక గాలి ఆడేలా గోడకి జానెడు దూరం జరిపింది. స్విచ్చి వేసి, కాసేపు వేడెక్కనిచ్చి, కొత్త ప్రోబును యంత్రంలోనే ఉండే పరీక్ష కొక్కేనికి తగిలించి, తెర మీది గీత మూలలు చదరంగా వచ్చేదాకా చిన్న మరను తిప్పింది. యంత్రం చక్కగా పనిచేసింది. జరిగినదాంట్లో ఆ యంత్రం తప్పేమీ లేదు. అయినా ఆమె ఎప్పుడూ దాని దగ్గర కూర్చుని టీ తాగలేదు.

అక్క మాట్లాడ్డం మానేసింది. అమ్మ అటూ ఇటూ నలిగి, చివరికి అక్క పెద్దకూతురి పుట్టినరోజుకి రాకపోతే తన మీద ఒట్టంది. చాదస్తం వెళ్ళింది. ముందుగదిలో పదిమంది బంధువులు కూర్చుని ఉన్నారు. నడుమ బావ మంచి ఊపులో ఉన్నాడు. ఒకసారి తుడిచే ఆవిడ కరెంటుకి అతుక్కుపోతే తను ఎలా ఒక్క గెంతులో వెళ్ళి స్విచ్చి ఆపాడో చేతులు ఊపుతూ చెబుతున్నాడు. అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. ఎవరో ముసలాయన దేవుడిలా అడ్డుపడ్డావు నాయనా అన్నాడు. బావ తల వంచి వినయంగా నవ్వాడు.

ఆ నవ్వు చూశాక చాదస్తం చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది.

"ఆవిడకి కరెంటు తగిలేలా చేసింది కూడా ఈయనే," అంది. "ప్లగ్గుకి ఎర్తు పిన్ను కోసేశాడు. తర్వాత మూర్ఛ అని అబద్ధం చెప్పాడు. నేనూ చెప్పాను."

 ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. వీధి మలుపు దగ్గరికి వెళ్ళేసరికి వెనక అడుగులు వినిపించాయి. అక్క, ఒట్టి కాళ్ళతో, ఆయాసపడుతూ వస్తోంది. తిట్టడానికనుకుని చాదస్తం ఆగి నిలబడింది.

"మా బట్టలుతికే మిషన్ ముట్టుకుంటే చేతులు జివ్వుమంటాయే," అంది అక్క. "రెండేళ్ళ నుంచి. చెబితే నీ నరాల బలహీనత అన్నారు మీ బావ. బలానికి టానిక్కు తాగిస్తున్నారు." ఊపిరి తీసుకుంది. "ఆ పిన్ను అంటున్నావే, అది ఎలా ఉంటుంది?"

 చాదస్తం అక్క చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది. ముందుగదిలోంచి వెళ్తుంటే బంధువులు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. వెనక వసారాలో బట్టల మిషన్ ఆడుతోంది, నేలంతా తడి. పిల్లలు అక్కడే బుడగలు ఊదుకుంటున్నారు. వాళ్ళని లోపలికి పంపేసి, చాదస్తం గోడ స్విచ్చి ఆపి ప్లగ్గు బయటికి లాగింది. రెండే పిన్నులు. మూడోది ఉండాల్సిన చోట ఆకురాయితో రాసిన నునుపు.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమింది. తర్వాత చీర కొంగుకి వేలు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఫ్రిజ్జుది కూడా చూడు," అంది. "తర్వాత పిల్లల గదిలోది. ఇంట్లో ఉన్నవన్నీ చూడు."

గది గుమ్మంలో బావ నిలబడి, ఇంట్లో ఎర్తు సరిగ్గా లేదని, ఊరికే ఫ్యూజులు పోతున్నాయని, అందుకే చేశానని ఏదో చెప్పబోయాడు. అక్క ఆయన వైపు చూడలేదు. ప్లగ్గును కొంగులో మూట కట్టుకుని, చెల్లెలికి వెలుతురు పడేలా వసారా తలుపు బార్లా తెరిచింది.